జీతం పుచ్చుకోని కోచ్ విట్టోరియో పోజో

మన సంఘం ప్రత్యేక సంచికకు క్రీడారంగం నుంచి ఒక జీవితం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. క్రికెట్ వీరుల గురించి రాసేవారికి కొదవ లేదు. నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ సికింద్రాబాద్ మైదానాల్లో ఆఫీసు జట్టుకు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడినవాణ్ణి కనుక ఫుట్‌బాల్ వైపే మొగ్గాను. నేను ఎంచుకున్న మనిషి ఇటలీ దేశస్థుడు, విట్టోరియో పోజో. పురుషుల ప్రపంచ కప్‌ను రెండుసార్లు గెలిపించిన కోచ్ ఆయన. 1930లో ఆ పోటీ మొదలైనప్పటి నుంచి 2022 దాకా ఆ ఘనత మరే కోచ్‌కూ దక్కలేదు. అంతటి పని చేసి అందుకు జీతం ముట్టుకోలేదు. నాలుగు దశాబ్దాలు ఒకటో తారీకు కోసం ఎదురుచూసిన మనలాంటి వారికి ఇది వింతగానే ఉంటుంది.

పోజో 1886 మార్చి 2న టూరిన్ నగరంలో పుట్టారు. వారి కుటుంబం బియెల్లా పక్కనున్న పొండెరానో అనే చిన్న ఊరిది. ఆ ప్రాంతం ఉన్ని బట్టల మిల్లులకు పేరుమోసింది. కుర్రవాడికి చదువుతోపాటు భాషల మీద మక్కువ ఎక్కువ. ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు నేర్చుకుంటూ దేశాలు తిరిగారు. స్విట్జర్లాండులో ఉండగా జూరిక్ నగరపు గ్రాస్‌హాపర్స్ క్లబ్బుకు ఆడారు. అక్కడి నుంచి ఇంగ్లండు చేరారు. ఉన్ని పరిశ్రమ మెళకువలు నేర్చుకోవడం పైకి చెప్పే కారణం. మనసంతా శనివారం మధ్యాహ్నం జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్‌ల మీదే.

ఇంటికి రమ్మని కబురు వస్తే వెళ్ళలేదు. తండ్రికి కోపం వచ్చి డబ్బు పంపడం మానేశారు. ఆయన భాషలు నేర్పే ట్యూషన్లు చెప్పుకుని పొట్ట పోసుకున్నారు. మాంచెస్టర్ యునైటెడ్ జట్టులో చార్లీ రాబర్ట్స్ అనే సెంటర్ హాఫ్ ఉండేవాడు. మైదానం నడుమ నిలబడి రెండు వైపుల వింగ్ ఆటగాళ్ళకు పొడవాటి పాసులు అందించడంలో దిట్ట. పోజో ఒకరోజు మ్యాచ్ అయ్యాక ఆయన్ను బయట కలుసుకుని మాట కలిపారు. ఆ పరిచయం పెరిగి ఆట గురించిన పాఠంగా మారింది. తరువాతి కాలంలో పోజో తయారుచేసిన జట్లన్నిటికీ రాబర్ట్స్ లాంటి సెంటర్ హాఫే ఇరుసు. చివరికి చెల్లెలి పెళ్ళికని ఇటలీ వచ్చిన మనిషిని ఇంట్లోవారు తిరిగి వెళ్ళనివ్వలేదు.

ఆటగాడిగా ఆయన గొప్పవారేమీ కాదు. 1906లో టొరినో క్లబ్బు స్థాపనలో పాలుపంచుకుని 1911 వరకు దానికి ఆడారు. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళే జాతీయ జట్టును ఆయనకే అప్పగించారు. అప్పటికి వయసు 26. మొదటి మ్యాచ్‌లోనే ఫిన్లండు చేతిలో 3-2తో ఓటమి. తిరిగొచ్చి ఆ బాధ్యత వదిలేసి పిరెల్లీ టైర్ల కంపెనీలో ఉద్యోగంలో చేరారు. టొరినో క్లబ్బు వ్యవహారాలు మాత్రం చూస్తూ వచ్చారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన పర్వత దళం అధికారి. ఆల్పినీ అని పిలిచే ఆ సైనికులు మంచుకొండల మీద యుద్ధం చేసినవారు. ఆ ఏళ్ళు ఆయన మీద చెరగని ముద్ర వేశాయి. క్రమశిక్షణ, ఒకరి కోసం ఒకరు నిలబడటం, కష్టం కలిసి అనుభవించడం అన్నవి ఆ తరువాత ఆయన కోచింగులో ప్రతిచోటా కనిపిస్తాయి. 1924లో పారిస్ ఒలింపిక్స్‌కు మళ్ళీ జట్టును తీసుకువెళ్ళారు. స్విట్జర్లాండు చేతిలో 2-1తో ఓడారు. కొద్దికాలానికే భార్య జబ్బుచేసి చనిపోయారు. ఆయన ఫుట్‌బాల్ పదవి వదిలి మిలాన్‌లో పిరెల్లీ ఉద్యోగమూ, లా స్టాంపా దినపత్రికకు రచనలూ చూసుకున్నారు.

1929లో ఫెడరేషన్ వారు మూడోసారి పిలిచారు. వస్తాను కాని జీతం వద్దని ఆయన షరతు పెట్టారు. జీతం ఇచ్చేవాడు జట్టులో ఎవరు ఉండాలో కూడా చెబుతాడని ఆయనకు తెలియదనుకోను. ఆఫీసుల్లో పని చేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు. జట్టు ఎంపిక కమిటీల చేతిలో కాక ఒక్కరి చేతిలో ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆ పదవి పేరే ఏకైక కమిషనర్ అనే అర్థం వచ్చేది.

1930 మే నెలలో బుడాపెస్ట్‌లో హంగరీతో మ్యాచ్. పోతూ పోతూ ఆటగాళ్ళను గొరిజియా ప్రాంతపు పాత యుద్ధభూములకు తీసుకువెళ్ళి సైనికుల సమాధులు చూపించారు. తరువాత మైదానంలో ఇటలీ 5-0తో గెలిచింది. అందులో మూడు గోల్స్ మెయాజా అనే పందొమ్మిదేళ్ళ కుర్రవాడివి.

ఆయన పద్ధతులు కొన్ని తమాషాగా ఉండేవి. క్లబ్బు మ్యాచ్‌లలో ఒకరితో ఒకరు కొట్లాడుకుని మాట్లాడుకోని ఆటగాళ్ళను శిబిరంలో ఒకే గదిలో పడుకోబెట్టేవారు. ప్రాక్టీసు మ్యాచ్‌లకు ఆయనే రిఫరీ. పాత కక్షతో ఎవరైనా పక్కవాడికి బంతి ఇవ్వకపోతే మైదానం నుంచి పంపించేసేవారు. బెర్నార్దీనీ అనే రోమ్ ఆటగాడి కథ ఇంకా విచిత్రం. అతడి తెలివి మిగతావారికి అందదని, వాళ్ళు అతడి స్థాయికి రాలేరు, అతణ్ణి స్థాయి తగ్గించుకోమనడం భావ్యం కాదని చెప్పి పోజో అతణ్ణి పక్కన పెట్టారట. ప్రతిభావంతుడికి ఇది అన్యాయమే అంటాను. ఆ బెర్నార్దీనీయే 1974లో ఇటలీ జట్టుకు కోచ్ అయ్యారు.

1934 ప్రపంచ కప్ ఇటలీలోనే జరిగింది. అప్పటికి ముస్సోలినీ అధికారంలోకి వచ్చి పన్నెండేళ్ళు కావస్తోంది. ఈ పోటీ తన పాలనకు డప్పు కావాలని ఆయన కోరిక. పోజో జట్టులో అర్జెంటీనాలో పుట్టిన ఇటలీ సంతతివారు నలుగురున్నారు. వారిలో సెంటర్ హాఫ్ మోంటీ 1930 ఫైనల్‌లో అర్జెంటీనాకు ఆడినవాడు. పరాయి దేశంవారిని ఎందుకు తెచ్చారని విమర్శలు వచ్చాయి. ఇటలీ కోసం సైన్యంలో చేరి ప్రాణమివ్వాల్సినవారు ఇటలీ కోసం ఎందుకు ఆడకూడదన్నది ఆయన వాదన.

క్వార్టర్ ఫైనల్‌లో స్పెయిన్‌తో మ్యాచ్ 1-1తో తేలలేదు. మర్నాడే మళ్ళీ ఆడించారు. దెబ్బలు తగిలి స్పెయిన్ గోల్‌కీపర్ జమోరా రెండో మ్యాచ్‌కు దిగలేకపోయాడు. ఇటలీ 1-0తో గట్టెక్కింది. రిఫరీలు ఆతిథ్య దేశం వైపు మొగ్గారన్న నింద నేటికీ పోలేదు. సెమీఫైనల్‌లో ఆస్ట్రియాపై 1-0. జూన్ 10న రోమ్‌లో ఫైనల్. చెకోస్లోవేకియా ముందు గోల్ కొట్టింది. ఆట ఇంకో తొమ్మిది నిమిషాల్లో ముగుస్తుందనగా ఓర్సీ కొట్టిన బంతి గాలిలో వంపు తిరిగి గోల్‌లో పడింది. మర్నాడు ఫొటోగ్రాఫర్ల కోసం మళ్ళీ అలాగే కొట్టి చూపమంటే ఎన్నిసార్లు ప్రయత్నించినా కుదరలేదని చెప్పుకుంటారు. అదనపు సమయంలో స్కియావియో గోల్‌తో 2-1.

అదే ఏడాది నవంబరులో లండన్ హైబరీ మైదానంలో ఇంగ్లండుతో ఆడారు. ఆట మొదట్లోనే మోంటీ పాదం ఎముక విరిగింది. ఆ రోజుల్లో మారు ఆటగాణ్ణి దించే వీలు లేదు. అరగంట దాటకుండానే 3-0. ఆ తరువాత పదిమందితోనే ఇటలీ రెండు గోల్స్ తిరిగి కొట్టింది, రెండూ మెయాజావే. ఓడినా ఆ మ్యాచ్‌ను ఇటలీలో గెలుపంత గొప్పగా చెప్పుకున్నారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు విద్యార్థుల జట్టును తీసుకువెళ్ళి స్వర్ణం తెచ్చారు. ఫైనల్‌లో రెండు గోల్స్ కొట్టిన ఫ్రోస్సీ కళ్ళజోడు పెట్టుకునే ఆడేవాడు.

1938 ప్రపంచ కప్ ఫ్రాన్సులో. ఇక్కడే పోజో జీవితంలో నాకు మింగుడుపడని ఘట్టం ఉంది. మార్సే నగరంలో నార్వేతో మొదటి మ్యాచ్. ముస్సోలినీ పాలన భరించలేక ఇటలీ విడిచి వెళ్ళినవారు స్టేడియం నిండా ఉన్నారు. ఆటగాళ్ళు చెయ్యి చాచి ఫాసిస్టు వందనం చేయగానే ఈలలు, కేకలు. గోల తగ్గేదాకా చేతులు దించనివ్వలేదు పోజో. దించాక మళ్ళీ అరుపులు వినిపిస్తే మళ్ళీ వందనం చేయించారు. ఆటగాళ్ళు బెదిరిపోకుండా అలా చేశానని తరువాత ఆయన వివరణ. కోచ్‌గా ఆ మాట అర్థమవుతుంది. కాని ఆ కేకలు వేసినవారు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న ఆయన దేశస్థులే. జీతం తీసుకోనంత మాత్రాన కొలువు ఎవరిదో మరుగున పడదు.

ఆట వరకు చూస్తే ఆ జట్టు 1934 జట్టు కన్నా మిన్న, పైగా ఈసారి పరాయిగడ్డ మీద గెలుపు. నార్వేపై అదనపు సమయంలో 2-1, ఆతిథ్య ఫ్రాన్సుపై 3-1, బ్రెజిల్‌పై 2-1. జూన్ 19న పారిస్ శివార్లలో ఫైనల్, హంగరీపై 4-2. కొలౌస్సీ రెండు, పియోలా రెండు. 1934 ఫైనల్ ఆడినవారిలో మెయాజా, ఫెరారీ ఇద్దరే ఈ ఫైనల్‌లోనూ ఆడారు. నాలుగేళ్ళలో జట్టును దాదాపు పూర్తిగా మార్చి మళ్ళీ గెలిపించడం మాటలు కాదు.

తరువాత మళ్ళీ యుద్ధం. 1943 సెప్టెంబరు నుంచి ఉత్తర ఇటలీ జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు పోజో బియెల్లా కొండల్లో పోరాడే దళాలకు తిండిగింజలు చేరవేశారని, శత్రుచెర నుంచి తప్పించుకున్న మిత్రపక్ష సైనికులు సురక్షితంగా బయటపడేందుకు సాయపడ్డారని 1990లలో ఆధారాలు బయటికి వచ్చాయి. అది మార్సే ఘట్టాన్ని చెరిపేయదు, అయినా దాని పక్కన పెట్టి చూడవలసిందే.

యుద్ధం ముగిశాక ఇటలీలో టొరినో క్లబ్బుకు ఎదురు లేదు. 1947 మే నెలలో హంగరీతో ఆడిన జాతీయ జట్టు పదకొండు మందిలో పదిమంది టొరినోవారే. కాని ఆట తీరు మారుతోంది. ఇంగ్లండు నుంచి వచ్చిన కొత్త వ్యూహం క్లబ్బుల్లో పాకింది. పోజో పాత పద్ధతి మనిషి అన్నారు. 1948 మేలో టూరిన్‌లోనే ఇంగ్లండు 4-0తో ఓడించింది. ఆ ఆగస్టులో లండన్ ఒలింపిక్స్ ఆయనకు చివరిది. ఇదే ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడి, రెండు పెనాల్టీలు పోగొట్టుకుని ఫ్రాన్సు చేతిలో 2-1తో ఓడారు. ఇటలీ అమెరికాను 9-0తో చిత్తు చేసి, తరువాత డెన్మార్కు చేతిలో 5-3తో ఓడింది. మోంటీ కాలు విరిగిన ఆ హైబరీ మైదానంలోనే. 62 ఏళ్ళ పోజో పదవి నుంచి తప్పుకున్నారు.

మరుసటి ఏడాది 1949 మే 4. లిస్బన్‌లో మ్యాచ్ ఆడి వస్తున్న టొరినో జట్టు విమానం మబ్బుల్లో దారి తప్పి టూరిన్ పక్కనున్న సుపెర్గా కొండ మీది చర్చి గోడను ఢీకొంది. 31 మందీ పోయారు. అందులో ఆటగాళ్ళు 18 మంది. గుర్తుపట్టలేని దేహాల పేర్లు చెప్పవలసిన పని పోజో మీద పడింది. తాను స్థాపనలో చెయ్యివేసిన క్లబ్బు, తాను జాతీయ జట్టులోకి తీసుకున్న కుర్రవాళ్ళు. ఒక్కొక్కరినీ గుర్తుపట్టి ఆయనే పేర్లు చెప్పారు. ఆయనకు ఏ జీతమూ రాని డ్యూటీల్లో ఇదీ ఒకటి.

తరువాత లా స్టాంపాకు రాస్తూ గడిపారు. మన హైదరాబాదు రహీం సాహెబ్ గురించి చెప్పుకునేటప్పుడల్లా నాకు ఈయన గుర్తొస్తారు. ఇద్దరూ ఒకప్పుడు పాఠాలు చెప్పినవారే. ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు తెచ్చిన రహీం సాహెబ్ 1963లోనే వెళ్ళిపోయారు. పోజో 1968 డిసెంబరు 21న, 82 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. సమాధి పొండెరానోలో ఉంది. 1986లో టూరిన్ పాత మునిసిపల్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. 1990 ప్రపంచ కప్ కోసం అదే నగరంలో కొత్త స్టేడియం కట్టినప్పుడు దానికీ ఆ పేరే పెట్టాలని కొందరు అడిగితే, ఫాసిస్టు కాలపు మనిషని ఒప్పుకోలేదు. పాత స్టేడియం కూడా 2006 శీతకాల ఒలింపిక్స్ నాటికి వేరే పేరుకు మారింది. 2016 నుంచి దాని పేరులో సుపెర్గా కొండ మీద పోయిన ఆ టొరినో జట్టు ఉంది.