గోజిరాను నడిపించిన శిల్పి: ఎయిజి త్సుబురాయ

సముద్రగర్భమునుండి లేచి వచ్చి టోకియో మహానగరమును నేలమట్టము చేయు గోజిరా అను మహామృగమును ఎరుగని బాలుడు నేడు అరుదు. గాడ్జిల్లా యని లోకము పిలుచు ఈ మృగపు కథలు 1954 మొదలు చలనచిత్రములై వచ్చుచునే యున్నవి. అది బొమ్మయా, యంత్రమా? లోపల మనుష్యుడు ఉండెనా? అంత పెద్దదిగా ఎట్లు కనబడెను? అది సముద్రమునుండియే ఏల వచ్చెను? పిల్లలు తరచుగా అడుగు ఈ ప్రశ్నలకు సమాధానము ఒక మనుష్యుని జీవితమందు కలదు.

ఎయిజి త్సుబురాయ 1901వ సంవత్సరము జూలై నెలలో జపానుదేశమందలి సుకాగవా పట్టణమున జన్మించెను. మూడేండ్ల ప్రాయముననే తల్లిని కోల్పోయి అవ్వ పెంపకమున పెరిగెను. 1910లో జపానులో మొదటిసారి విమానమెగిరిన వార్త ఆ బాలుని మనస్సును దోచుకొనెను. నాటినుండి చిన్న చిన్న విమానపు నమూనాలు చేయుటయే అతని ఆట. కొంత పెరిగిన పిదప హనేదాలోని విమాన పాఠశాలలో చేరెను. కాని 1917లో ఆ పాఠశాల స్థాపకుడు విమానప్రమాదమున మరణించుటచే అది మూతపడెను. ఎగురవలెనన్న కోరిక తీరలేదు; నమూనాలు చేయు నేర్పు మాత్రము చేతులలో మిగిలెను. 1919లో అతడు చలనచిత్రరంగమున ప్రవేశించి కెమెరా విద్య నేర్చెను. 1933లో వచ్చిన కింగ్ కాంగ్ అను అమెరికా చిత్రమును చూచి, అట్టి అద్భుతమును తానును సృష్టింపవలెనని సంకల్పించెను.

ఇంతలో యుద్ధము వచ్చెను. పెర్ల్ హార్బరుపై జపాను జరిపిన దాడిని చూపు చిత్రమునకై 1942లో అతడు ఓడరేవును, నౌకలను, విమానములను నమూనాలుగా నిర్మించెను. అవి నిజమైనవే యని భ్రమ కలుగునంతటి పనితనము! కాని ఆ పనితనము యుద్ధప్రచారమునకు వినియోగపడెను. యుద్ధానంతరము అమెరికా ఆక్రమణాధికారుల ఆజ్ఞచే 1948లో అతడు తన ఉద్యోగమును విడువవలసి వచ్చెను. కొన్నియేండ్లు సొంత పనిశాలలో కష్టపడి, పిమ్మట తోహో సంస్థకు తిరిగి వచ్చెను.

1954 మార్చి 1వ తేదీన అమెరికా పసిఫిక్ సముద్రమందలి బికినీ దీవులచెంత హైడ్రోజన్ బాంబును ప్రేల్చెను. ఆ విషధూళి ఒక జపాను చేపలపడవపై రాలెను. అందలి 23 మందియు రోగగ్రస్తులైరి. ఒకడు అదే సెప్టెంబరులో మరణించెను. హిరోషిమా గాయము మానకముందే కలిగిన ఈ దుఃఖమునుండి గోజిరా కథ పుట్టెను. బాంబు పరీక్షలచే మేల్కొనిన ప్రాచీన మృగమది. కనుకనే సముద్రమునుండి వచ్చెను. దర్శకుడు ఇషిరో హోండా. మృగమును నడిపించు భారము ఎయిజిది.

కింగ్ కాంగ్ వలె బొమ్మను అణువణువు కదలించుచు చిత్రించుటకు ఏండ్లు పట్టును. వారికి ఉన్నవి కొలది నెలలే. అందుచే వెదురు, తీగె, గుడ్డ, రబ్బరులతో ఒక తొడుగు చేసి, అందులో హరువో నకజిమా అను నటుని నిలిపిరి. మొదటి తొడుగు బరువు సుమారు 100 కిలోలు. దీపముల వేడిమిలో, చెమట కారుచుండగా, అతడు చిన్న నగరమును త్రొక్కుచు నడిచెను. ఆ ఇండ్లు అసలు కొలతలో 25వ వంతు. చిన్న ఇల్లు క్షణములో కూలును. పెద్ద భవనము మెల్లగా ఒరగును. కనుక ఎయిజి కెమెరాను మామూలుకంటె వేగముగా నడిపి, చిత్రించినదానిని మామూలు వేగముతో చూపెను. అప్పుడు ప్రతి అడుగును మెల్లగా, మహాభారముతో పడినట్లు తోచెను. ఇదియే ఆ మృగము పెద్దదగుటలోని రహస్యము.

ఆ చిత్రము 1954 నవంబరు 3వ తేదీన విడుదలయ్యెను. 1966లో ఎయిజి సంస్థ అల్ట్రామాన్ అను దూరదర్శన కథామాలను బాలురకొసగెను. 1970 జనవరి 25వ తేదీన అతడు పరమపదించెను. 2024లో, గోజిరా చిత్రమొకటి దృశ్యకల్పనకు ఆస్కారు బహుమానమును పొందెను. ఆ మాలలో ఆ బహుమానమందినది అదియే మొదటిది.

విద్యార్థులారా! ఎయిజి చేతులలోని నేర్పు మొదటినుండి చివరివరకు ఒకటియే. ఒకనాడు అది యుద్ధమును పొగడెను. మరియొకనాడు యుద్ధము తెచ్చిన దుఃఖమును లోకమునకు చూపెను. విద్య నేర్చుట ఎంత ముఖ్యమో, దానిని దేనికి వినియోగింతుమో ఎంచుకొనుట అంతకంటె ముఖ్యము.