సతీశ్ ధవన్

నెల్లూరు నుండి దక్షిణముగా పోవు మార్గమున వెంకటాచలము, గూడూరు, నాయుడుపేట దాటిన పిమ్మట సూళ్ళూరుపేట వచ్చును. అచ్చటి నుండి తూర్పునకు తిరిగి పులికాట్ సరస్సును దాటినచో శ్రీహరికోట ద్వీపమును చేరుదుము. మన దేశపు ఉపగ్రహములు ఆకాశమున కెగయు ఆ కేంద్రమునకు సతీశ్ ధవన్ పేరు పెట్టబడినది. గాలి ప్రవహించు తీరును జీవితకాలము పరిశోధించిన మహనీయుడాయన.

ధవన్ 1920వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన శ్రీనగరమున జన్మించెను. లాహోరులో గణితము, భౌతికశాస్త్రము, ఆంగ్లసాహిత్యము, యంత్రశాస్త్రము అభ్యసించెను. పిదప అమెరికాకు పోయి, కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయమున 1951లో డాక్టరు పట్టము పొందెను. అచ్చటి విమానశాస్త్ర ప్రయోగశాలను అంతకు మున్ను నడిపినవాడు కార్మన్ అను విఖ్యాత శాస్త్రజ్ఞుడు.

కాలువలోని నలుచదరపు వంతెన స్తంభమును చూడుడు. నీరు దాని అంచులకడ విడిపోయి, వెనుకభాగమున ఒకమారు కుడివైపున, మరియొకమారు ఎడమవైపున సుడులు కట్టును. సుడి విడివడినప్పుడెల్ల స్తంభము పక్కకు లాగబడును. గాలియందును ఇట్లే జరుగును. ఆ లాగుడు కట్టడపు సహజమైన ఊపుతో కలిసినచో ఎత్తైన పొగగొట్టములు సైతము ఊగిపోవును. ఈ సుడుల వరుసల గణితమును 1911లో కార్మన్ తేల్చెను.

వస్తువును ఒరసికొని పోవు పలుచని గాలిపొర మొదట నునుపుగా సాగి, ఒకచోట నిలుకడ తప్పి అల్లకల్లోలమగును. ఆ పొర కలిగించు ఒరపిడిని నేరుగా కొలుచుట ధవన్ తొలి పరిశోధన. 1951లో ఆయన బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరి, ధ్వనిని మించిన వేగముతో గాలి వీచు సొరంగమును నెలకొల్పెను. గాలిపొర నిలుకడ తప్పు విధమును గూర్చి, శిష్యుడైన రొద్దం నరసింహతో కూడి 1958లో ప్రకటించిన వ్యాసము శాస్త్రజ్ఞుల మన్నన కెక్కెను. ఆకాశమునకు పోవు రాకెట్టును కుదిపి పరీక్షించునవి ఈ పొరలు, ఈ సుడులే.

1972లో ధవన్ భారత అంతరిక్ష పరిశోధన సంస్థకు అధ్యక్షుడయ్యెను. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి తొలి ఉపగ్రహ వాహకము ఎగసెను. రెండవ దశ అదుపు తప్పుటచే అది బంగాళాఖాతమున కూలెను. ఏండ్ల శ్రమ నీటి పాలయ్యెను. ఆ పథకమును నడిపిన అబ్దుల్ కలాం మిక్కిలి క్రుంగిపోయెను. ధవన్ తానే పత్రికలవారి యెదుటికి పోయి, ఓటమి భారమును తనపై వేసికొని, తన అనుచరుల సామర్థ్యమునందు నమ్మకము ప్రకటించెను. 1980 జూలై 18న వాహకము రోహిణిని కక్ష్యలో నిలిపెను. ఆనాడు పత్రికలవారితో మాటలాడుటకు కలామునే పంపెను. ఓటమి తనది, గెలుపు తోటివారిది అనుట ఆయన నీతి.

పదవిని విడిచిన పిమ్మట ధవన్ పక్షులు గాలిలో తేలు విధమును గూర్చి గ్రంథము రచించెను. 2002 జనవరి 3న ఆయన కన్నుమూసెను. ఆ యేడే శ్రీహరికోట కేంద్రము ఆయన పేరును ధరించెను.