నలభై రెండేళ్ల కొత్త ఆటగాడు – సాచెల్ పేజ్

సాయంత్రమైతే మన హాస్టల్ గ్రౌండులో క్రికెట్, వాలీబాల్, కబడ్డీ తప్ప బేస్‌బాల్ ఆడినవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి ముందు ఆ ఆట గురించి రెండు ముక్కలు చెప్పి అసలు మనిషి దగ్గరకు వస్తాను. బేస్‌బాల్‌లో పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడు. కానీ దూరం నుంచి పరుగెత్తుకుంటూ రాడు. మైదానం మధ్యలో చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి బంతిని నేలకు తగలనివ్వకుండా విసురుతాడు. విసరాల్సిన దూరం 60 అడుగుల 6 అంగుళాలు. సరైన చోట పడిన బంతుల్ని బ్యాటరు మూడుసార్లు కొట్టలేకపోతే అవుట్. ఈ పనిలో అమెరికా దేశంలోనే మేటి అనిపించుకున్న ఒకడు, చర్మం నల్లగా ఉన్నందుకు, 42 ఏళ్లు వచ్చేవరకు అక్కడి పెద్ద లీగుల్లో అడుగు పెట్టలేకపోయాడు. అతనే సాచెల్ పేజ్.

అసలు పేరు లెరాయ్. 1906 జూలై 7న అలబామా రాష్ట్రంలోని మొబైల్ పట్టణంలో పుట్టాడు. తల్లి లూలా ఇళ్లలో బట్టలు ఉతికేది, తండ్రి జాన్ తోటపని చేసేవాడు. పుట్టినతేదీ కాగితం మీద ఉన్నా సాచెల్ మాత్రం జీవితమంతా తన వయసు ఒక్కొక్కరికి ఒక్కోలా చెప్పాడు. తన వయసు రాసిపెట్టిన బైబిల్‌ను మేక తినేసిందని నవ్వించేవాడు. మనలో చాలామంది పుట్టినతేదీ బడిలో చేర్చుకున్న హెడ్‌మాస్టరు గారు వేసిందే కదా! మా నాన్నకైతే అదీ లేదు. అందుకే ఆ మేక కథ చదివి నాకు నవ్వు వచ్చింది గానీ ఆశ్చర్యం వేయలేదు.

చిన్నప్పుడు రైల్వేస్టేషన్‌లో ప్రయాణికుల సంచులు మోసేవాడు. ఒక్కో సంచికి వచ్చే చిల్లర చాలక, ఒక కర్రకు తాళ్లు కట్టి ఒకేసారి నాలుగైదు సంచులు తగిలించుకుని నడిచేవాడట. సాచెల్ అంటే చేతిసంచి. పేరు అలా వచ్చిందని ఆయన చెప్పుకున్నాడు. సంచి దొంగిలిస్తూ దొరికితే వచ్చిందని చిన్ననాటి స్నేహితుడొకడు చెప్పాడు. ఏది నిజమైనా ఆకలి ఒక్కటే!

పన్నెండేళ్ల వయసులో, 1918లో, బడి ఎగ్గొట్టినందుకు, దుకాణంలో చిన్న వస్తువులు దొంగిలించినందుకు అతన్ని మౌంట్ మీగ్స్ అనే ఊళ్లోని నల్లపిల్లల సంస్కరణ పాఠశాలకు పంపారు. 1923 చివరి వరకు అక్కడే ఉన్నాడు. ఎడ్వర్డ్ బర్డ్ అనే కోచ్ అతని పొడవైన కాళ్లను, చేతులను చూసి, కాలు ఆకాశంలోకి ఎత్తి, ఒంట్లోని బలమంతా చేతిలోకి తెచ్చి విసరడం నేర్పాడు. ఐదేళ్ల స్వేచ్ఛ ఇచ్చి బంతి విసరడం నేర్చుకున్నానని సాచెల్ తర్వాత లెక్క చెప్పుకున్నాడు. ఆయన ఆ లెక్కతో సరిపెట్టుకున్నాడు గానీ నేను ఒప్పుకోలేను. చిల్లర దొంగతనానికి ఒక పిల్లవాడి ఐదేళ్లు పోవడం ఏ లెక్కకూ సరిపోదు.

ఆ రోజుల్లో మేజర్ లీగుల్లో నల్లవారిని తీసుకోకూడదని రూలు పుస్తకంలో ఎక్కడా లేదు. యజమానులంతా మాట అనుకుని తలుపులు మూసేశారు, అంతే. అందువల్ల నల్లవారికి వేరుగా నీగ్రో లీగులు పుట్టాయి. అప్పటి వ్యవహారంలో పేరు అదే. సాచెల్ 1926లో చట్టనూగా జట్టులో, 1927లో బర్మింగ్‌హామ్ జట్టులో, ఆ తర్వాత పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ జట్టులో ఆడాడు. లీగ్ ఆటలు అయిపోగానే ఊరూరా తిరిగి డబ్బుకు ప్రదర్శన మ్యాచ్‌లు ఆడేవారు. చాలా ఊళ్లలో చప్పట్లు కొట్టిన జనమే రాత్రికి గది ఇచ్చేవారు కాదు, హోటల్లో అన్నం పెట్టేవారు కాదు. తిండీ బసా ఇవ్వని ఊళ్లో సాచెల్ ఆడనని మొండికేసేవాడని చెబుతారు.

ఎవరు ఎక్కువ జీతం ఇస్తే అక్కడికి వెళ్లిపోయేవాడని, ఒప్పందాలు లెక్కచేయడని ఆయనపై నింద ఉంది. అది అబద్ధం కాదు. 1935లో ఉత్తర డకోటాలోని బిస్మార్క్‌లో తెల్లవారూ నల్లవారూ కలిసి ఆడే జట్టులో చేరి విచిటాలో జాతీయ టోర్నమెంటు గెలిపించాడు. 1937లో డొమినికన్ రిపబ్లిక్ నియంత త్రుహీయో పేరు మీద నడిచిన జట్టుకు ఆడాడు. పెద్ద తలుపు మూసి ఉన్న మనిషి చిన్న తలుపుల్లో ఏది ఎక్కువ ఇస్తుందో చూసుకోవడం తప్పని నాకు అనిపించదు.

1938లో మెక్సికోలో ఆడుతుండగా భుజం దెబ్బతిని చేయి పైకి లేవలేదు. ఇక పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. కాన్సాస్ సిటీ మోనార్క్స్ యజమాని విల్కిన్‌సన్ మాత్రం తన రెండో జట్టులో చోటిచ్చాడు. పేరు చూసి జనం వస్తారని ఆయన ఆశ. మరుసటి ఏడాది చేయి బాగయింది! 1942 నీగ్రో వరల్డ్ సిరీస్‌లో, మూడు బేసుల్లోనూ ఎదుటి జట్టువాళ్లు నిలబడి ఉండగా, బంతిని బాదడంలో సాటిలేని జాష్ గిబ్సన్‌ను మూడు బంతుల్లో అవుట్ చేశాడు. బేసులు కావాలనే నింపాడని కథ పెరుగుతూ వచ్చింది. కథ ఎలా ఉన్నా గిబ్సన్ అవుటైంది నిజం.

ఇక అసలు గాయం. 1945లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు ఒక నల్ల ఆటగాణ్ణి ఎంచుకుంది. అతను సాచెల్ కాదు, అదే మోనార్క్స్‌లో ఆ ఏడాదే కొత్తగా చేరిన జాకీ రాబిన్‌సన్. కాలేజీ చదివినవాడు, సైన్యంలో అధికారిగా పనిచేసినవాడు, వయసులో పన్నెండేళ్లు చిన్న. 1947 ఏప్రిల్ 15న రాబిన్‌సన్ మైదానంలోకి దిగి చరిత్రకెక్కాడు. రాబిన్‌సన్ అవమానాలు ఓర్చుకుని నిలబడిన తీరుకు ఎవరైనా దణ్ణం పెట్టాలి. కానీ ఇరవై ఏళ్లు ఆ తలుపు ముందు నిలబడి, తెల్ల ఆటగాళ్లతో ప్రదర్శన మ్యాచ్‌ల్లో గెలిచి చూపించినవాడికి ఎలా ఉండి ఉంటుంది? సాచెల్ పైకి రాబిన్‌సన్‌ను మెచ్చుకున్నాడు. లోపల చాలా నొచ్చుకున్నాడు, ఆ సంగతి తర్వాత దాచుకోలేదు కూడా.

1948 జూలైలో క్లీవ్‌లాండ్ ఇండియన్స్ యజమాని బిల్ వీక్ ఆయన్ను పిలిచాడు. ముసలివాణ్ణి తెచ్చి ఆటను నవ్వులాట చేస్తున్నారని పత్రికలో విమర్శ వచ్చింది. జూలై 9న, 42 ఏళ్ల వయసులో, కొత్త ఆటగాడిగా దిగాడు. ఆ సీజన్‌లో 6 గెలుపులు, ఒక్కటే ఓటమి! ఆగస్టు 20 రాత్రి ఆయన ఆట చూడటానికి 78,382 మంది వచ్చారు. ఎదుటి జట్టుకు ఒక్క పరుగూ ఇవ్వలేదు. కాలు నేలకు ఆనించాక చేయి ఒక్క క్షణం ఆపి విసిరే బంతి ఆయన ప్రత్యేకత. బ్యాటరు తొందరపడి ముందే ఊపేసేవాడు. లీగ్ అధికారులు ఆ బంతిని నిషేధించారు. క్లీవ్‌లాండ్ ఆ ఏడు వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ సిరీస్‌లో బంతి విసిరిన మొదటి నల్లజాతి పిచ్చర్ సాచెలే. అయితే ఇచ్చింది ఇద్దరిని అవుట్ చేసేంతసేపే.

తర్వాత సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌కు 1951 నుంచి 1953 వరకు ఆడాడు. 1965 సెప్టెంబరు 25న, 59 ఏళ్ల వయసులో, కాన్సాస్ సిటీ జట్టు యజమాని తమాషా కోసం ఆయన్ను ఊగే కుర్చీలో కూర్చోబెట్టి పక్కన నర్సును నిలబెట్టాడు. కుర్చీలోంచి లేచి బోస్టన్ జట్టుపై మూడు ఇన్నింగ్స్ విసిరాడు. ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆయన్ను కొట్టగలిగింది ఒక్కడే. 1968లో పెన్షన్‌కు కొన్ని రోజుల సర్వీసు తక్కువైతే అట్లాంటా జట్టు పిలిచి పేరు రాసుకుంది. అంతటివాడికి కూడా సర్వీసు రోజుల లెక్క తప్పలేదు.

1971లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపిక చేశారు. మొదట నల్లవారి కోసం వేరే విభాగంలో పెడతామన్నారు. చచ్చేదాకా వేరుగా ఉంచింది చాలక గోడ మీద బొమ్మకూ వేరు గదా అని గొడవ లేచాక అందరితో పాటే చేర్చారు. 1982 జూన్ 5న కాన్సాస్ సిటీలో తన పేరు పెట్టిన స్టేడియానికి చక్రాల కుర్చీలో వెళ్లాడు. మూడు రోజులకు, జూన్ 8న, కన్నుమూశాడు.

మేజర్ లీగ్ పుస్తకాల్లో చాలాకాలం ఆయన గెలుపులు 28 మాత్రమే. 2024 మే నెలలో నీగ్రో లీగుల లెక్కల్ని కూడా అందులో కలిపారు. ఊరూరా తిరిగి ఆడిన వేలాది ఆటలు మాత్రం అందులోకి రాలేదు. వాటిలో చాలావాటికి స్కోరు రాసుకున్నవాళ్లే లేరు.