జీవకుడు

బ్యాంకాక్ నగరంలోని వాట్ ఫో ప్రసిద్ధ బౌద్ధారామం. మూడవ రామరాజు 1830వ దశకంలో వైద్యవిద్యను అక్కడ శిలాఫలకాలపై చెక్కించాడు. 1955లో అక్కడే సంప్రదాయ వైద్య పాఠశాల వెలసింది. థాయి మర్దనం, మూలికావైద్యం అభ్యసించేవారు ఆదిగురువుగా కొలిచేది మాత్రం మగధవాసి అయిన జీవకుని.

జీవకుడు బుద్ధుని సమకాలికుడు. రాజగృహంలో సాలవతి అనే గణికకు జన్మించాడు. ఆమె శిశువును పాత చేటలో పెట్టించి చెత్తకుప్పపై పారవేయించింది. కాకులు మూగిన ఆ పసికందు ప్రాణంతో ఉండడం చూసి అభయ రాజకుమారుడు పెంచుకున్నాడు. జీవకుడనే పేరు అందువల్లనే వచ్చింది.

ఏ విద్యా లేనిదే రాజకుటుంబంలో బ్రతుకు సాగదని గ్రహించి, అభయునికైనా చెప్పకుండా జీవకుడు తక్షశిలకు వెళ్లాడు. ఏడేండ్లు వైద్యం చదివాడు. యోజనం మేర వెదకి ఔషధం కాని మొక్కను తెమ్మని గురువు ఆజ్ఞాపించగా వట్టిచేతులతో తిరిగివచ్చాడు. చదువు పూర్తయినట్లు గురువు అప్పుడే అంగీకరించాడు.

ఉజ్జయినిలో మాత్రం ప్రాణాలకే ముప్పు వచ్చింది. ప్రద్యోతునికి పాండురోగం. ఆ రోగానికి నేయి తప్ప మందు లేదు, ఆయనకేమో నేయి గిట్టదు. పైగా మహాకోపిష్ఠి. జీవకుడు నేతికి కషాయపు రంగు, రుచి, వాసన కల్పించి త్రాగించాడు. మూలికల నెపంతో ముందే అడిగి ఉంచుకున్న ఆడ ఏనుగునెక్కి పారిపోయాడు. సంగతి తెలిసి మండిపడిన రాజు, రోగం కుదిరాక మేలైన వస్త్రాల జోడును పంపాడు.

బుద్ధుడు అస్వస్థుడైనప్పుడు, విరేచనౌషధానికి ముందు ఆయన దేహానికి కొన్నాళ్లు స్నేహనం చేయవలసిందిగా ఆనందునికి సూచించినవాడు జీవకుడే. మర్దన పద్ధతులను బోధించినట్లు ఆ పాళీ కథలో కానరాదు. థాయివారి గురుభావం సంప్రదాయం నుండి వచ్చినది.

ప్రద్యోతుడు పంపిన వస్త్రాలను జీవకుడు తాను ధరించలేదు, బుద్ధునికి సమర్పించాడు. అప్పటిదాకా పాతగుడ్డపీలికలే కట్టిన భిక్షువులు గృహస్థులిచ్చే వస్త్రాలను స్వీకరించవచ్చునని బుద్ధుడు ఆనాడు అనుమతించాడు.