రాయి చెక్కి అమ్ముకున్న ఎడ్మోనియా లూయిస్

ఈసారి మన గోడపత్రికలో అమెరికా శిల్పి ఎడ్మోనియా లూయిస్ గురించి రాస్తున్నాను.

ఆమె 1844 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. నాన్న నల్లజాతి మనిషి. అమ్మవైపు వాళ్లు ఒజిబ్వే అనే అక్కడి ఆదివాసీలు. చిన్నప్పుడే అమ్మానాన్న ఇద్దరూ చనిపోతే అమ్మ అక్కచెల్లెళ్లు పెంచారు. వాళ్లతో కలిసి నయాగరా జలపాతం దగ్గర బుట్టలు, తోలు చెప్పులు యాత్రికులకు అమ్మేది.

అన్న డబ్బులిచ్చి చదివించాడు. 1859లో ఓబర్లిన్ కాలేజీలో చేరింది. 1862లో ఇద్దరు తోటి అమ్మాయిలకు విషం పెట్టిందని నింద వేశారు. ఎవరో ఆమెను పట్టుకుపోయి బాగా కొట్టారు. ఆమె తప్పు లేదని కోర్టులో తేలింది. అయినా చదువు పూర్తి కానివ్వలేదు.

తర్వాత బోస్టన్ వెళ్లి బొమ్మలు చెయ్యడం నేర్చుకుంది. నల్లజాతి సైనికులను నడిపించి యుద్ధంలో చనిపోయిన కల్నల్ షా బొమ్మ చేసింది. దాని ప్లాస్టర్ నకళ్లు చాలా అమ్ముడుపోయాయి. ఆ డబ్బులతో ఇటలీ వెళ్లి రోమ్‌లో ఉంది.

అక్కడి శిల్పులు మట్టితో నమూనా చేసి, పాలరాయి చెక్కడానికి పనివాళ్లను పెట్టుకునేవాళ్లు. ఎడ్మోనియా మాత్రం చాలావరకు తానే చెక్కేది. లేకపోతే ఇది వేరేవాళ్లు చేశారు అంటారని ఆమె అనుమానం.

పాలరాయి చాలా ఖరీదు. అందుకే ఎవరైనా ఆర్డరిస్తేనే చెక్కడం మామూలు పద్ధతి. ఈమె ఆర్డర్ కోసం ఆగలేదు. 1867లో సంకెళ్లు తెగిన నల్లజాతి వాళ్ల శిల్పం చెక్కి, ఎవరూ అడక్కుండానే ఓడలో బోస్టన్ పంపి డబ్బులు కట్టమంది. కొందరికి అది నచ్చలేదు. కానీ చందాలు పోగుచేసి కొన్నారు.

అన్నీ అలా అమ్ముడుపోలేదు. నాలుగేళ్లు కష్టపడి క్లియోపాత్రా రాణి మరణం చెక్కి 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో పెట్టింది. బరువు 1300 కిలోల పైనే. జనం విరగబడి చూశారు, ఎవరూ కొనలేదు. చివరికి దాన్ని షికాగోలో వదిలేసింది. అది ఒక సారాకొట్టుకి చేరింది. తర్వాత ఒక పందెం గుర్రం సమాధి మీద ఎండకీ వానకీ ఉంది. 1994 నుంచి స్మిత్సోనియన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది.

ఆమె 1907లో లండన్‌లో చనిపోయింది. సమాధికి పేరున్న రాయి 2017లో గాని పెట్టలేదు. 2022లో అమెరికా ఆమె బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.

మన సంతలో చింతపండుకీ అడ్డాకులకీ ధర కొనేవాళ్లే చెప్తారు. మన అమ్మవాళ్లు ఊఁ అంటారు. ఎడ్మోనియా నష్టం వచ్చినా తన పని తానే అమ్ముకుంది. మనం కూడా తూకాలు, లెక్కలు బాగా నేర్చుకుని సంతలో అమ్మ పక్కన నిలబడాలి.

– 9వ తరగతి అమ్మాయి