విదూషక సంప్రదాయం – రమణారెడ్డి

వికృతమైన ఆకారం, వేషం, వాక్కు, చేష్ట హాస్యరసానికి విభావాలని లాక్షణికులు చెప్పారు. భరతుని విదూషకుడు పొట్టివాడు, గూనివాడు, బట్టతలవాడు, ఎత్తుపళ్ళవాడు. ఈ కొలతకు నిలువునా భిన్నమైన దేహంతో, బక్కపలచని పొడుగరిగా, వెండితెర మీద తెలుగువారిని నవ్వించిన నటులు తిక్కవరపు వెంకట రమణారెడ్డి.

ఆయన 1921లో నెల్లూరు జిల్లా జగదేవిపేటలో జన్మించారు. తొలుత శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. పిమ్మట ఆ ఉద్యోగాన్ని విడిచి, వెంకటాచలం, గూడూరుల కావల ఉన్న మదరాసు చేరి చలనచిత్రాలలో స్థిరపడ్డారు.

ఆయన హాస్యమంతా ఆకారం వల్లనే పుట్టిందని కొందరి అభిప్రాయం. అది సమంజసం కాదు. సంస్కృత నాటకంలో విదూషకుడు నాయకునికి నర్మసఖుడు. భోజనప్రియుడే గాని పరులకు కీడు తలపెట్టేవాడు కాడు. రమణారెడ్డి పాత్రలలో పెక్కు ప్రతినాయక పక్షానివి. 1955 నాటి 'మిస్సమ్మ'లో డేవిడ్ అప్పును అడ్డుపెట్టుకొని కథానాయికను పెండ్లాడ జూస్తాడు. 1962 నాటి 'గుండమ్మ కథ'లో గంటయ్య సంబంధాలు చెడగొట్టే కుటిలుడు. మోదకాల మీది ఆశ ఇక్కడ సొమ్ము మీది ఆశ అయింది. అయినా ప్రేక్షకునికి వీరి మీద క్రోధం కలగదు. దుష్టత్వాన్ని భయానకం వైపు పోనీయక, ప్రతి కపటోపాయాన్ని కడకు తన మీదికే తిప్పుకొనే అసమర్థతగా ఆయన అభినయించారు. సంప్రదాయాన్ని ఆయన వంచినది ఈ చోటనే. రేలంగితో జంటగా నటించినప్పుడు ఈ భేదం మరింత స్పష్టమవుతుంది. రేలంగిది అమాయకత్వం, ఈయనది విఫలమయ్యే జిత్తులమారితనం.

భాష విషయంలో మాత్రం, తెలిసో తెలియకో, పూర్వమర్యాదనే పాటించారు. నాయకుడు సంస్కృతం పలుకుతుండగా విదూషకుడు ప్రాకృతం పలకడం నాటక నియమం. నాయకుని శిష్టభాష పక్కన రమణారెడ్డి నెల్లూరు యాస ఆ స్థానాన్నే ఆక్రమించింది. మాండలికాన్ని ఎగతాళి చేయడానికి వాడే హాస్యానికీ దీనికీ పోలిక లేదు. అది ఆయన ఇంటి పలుకు.

1957 నాటి 'మాయాబజార్'లో మాయలు తెలిసిన చినమయగా నటించిన ఈయన తెర వెలుపల కూడ ఇంద్రజాలం అభ్యసించి ప్రదర్శనలిచ్చారు. 1974లో మరణించారు.