రేసు గెలిచిన అద్దం.. అందులో ఏమీ కనిపించలేదట! రే హారౌన్ కథ ఇదే

కారెక్కగానే మనం ముందు చూసేది అద్దం. మరి రేసు కారులో వెనక్కి చూసే అద్దాన్ని పెట్టి చరిత్రకెక్కిన వ్యక్తి ఎవరో తెలుసా? ఆయన పేరు రే హారౌన్. అమెరికా ఇంజినీర్, రేసు డ్రైవర్. తొలి ఇండియానాపొలిస్ 500 రేసు విజేత. ఆయన అద్దం వెనకున్న అసలు సంగతి తెలిస్తే మాత్రం ఆశ్చర్యపోతారు.

హారౌన్ 1879 జనవరి 12న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్పార్టన్స్‌బర్గ్‌లో పుట్టాడు. మార్మన్ కార్ల కంపెనీలో ఇంజినీర్‌గా పనిచేస్తూనే రేసుల్లో దిగేవాడు. 1910 సీజన్ అవ్వగానే ఇక చాలనుకుని రేసులకు గుడ్‌బై చెప్పేశాడు. అయితే మరుసటి ఏడాదే ఇండియానాపొలిస్‌లో 500 మైళ్ల రేసు పెడుతున్నారని తేలింది. కంపెనీ యజమాని హోవార్డ్ మార్మన్ ఒప్పించడంతో ఆ ఒక్క రేసుకీ మళ్లీ స్టీరింగ్ పట్టాడు.

అది మామూలు ట్రాక్ కాదు. 1909 ఆగస్టులో అక్కడ జరిగిన తొలి కారు రేసుల్లోనే ఐదుగురు ప్రాణాలు పోయాయి. వారిలో ఇద్దరు చూడటానికి వచ్చినవాళ్లు. రోడ్డు పెచ్చులూడిపోవడంతో ఆ తర్వాత 32 లక్షల ఇటుకలు పరిచారు.

అప్పట్లో రేసు కారులో ఇద్దరు కూర్చునేవారు. ఒకరు డ్రైవర్, రెండోవాడు మెకానిక్. మన లారీల్లో క్లీనర్ ఉంటాడు కదా, దాదాపు అలాగే. వెనక ఎవరొస్తున్నారో, ఏ పక్క నుంచి దాటేస్తున్నారో చెప్పడం అతని పనుల్లో ఒకటి. హారౌన్ కారు 'వాస్ప్' మాత్రం సన్నగా, తోక మొనదేలి, ఒక్క సీటుతోనే తయారైంది. బరువు తక్కువ, వేగం ఎక్కువ. దీంతో మిగతా డ్రైవర్లు అభ్యంతరం చెప్పారు. వెనక వచ్చే కారు కనిపించకపోతే అతనొక్కడికే కాదు, అందరికీ ముప్పే అన్నది వాళ్ల వాదన. అందులో న్యాయం ఉంది.

హారౌన్ దానికో ఉపాయం కనిపెట్టాడు. అంతకుముందు షికాగోలో ఓ గుర్రబ్బండికి కట్టిన అద్దం ఆయన కంట్లో పడింది. అదే గుర్తొచ్చి, 8 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పున్న అద్దాన్ని స్టీరింగ్ ముందు బిగించాడు. నిర్వాహకులు ఓకే అన్నారు.

1911 మే 30న 40 కార్లు బరిలోకి దిగాయి. మధ్యలో కొంతసేపు సైరస్ ప్యాచ్కీ అనే డ్రైవర్ వాస్ప్‌ను నడిపాడు. మొత్తం 6 గంటల 42 నిమిషాల్లో రేసు పూర్తయింది. సగటు వేగం గంటకు 74.6 మైళ్లు, అంటే దాదాపు 120 కిలోమీటర్లు. గెలుపు హారౌన్‌దే. అదే రేసులో శామ్ డిక్సన్ అనే మెకానిక్ కారులోంచి ఎగిరిపడి చనిపోయాడు.

ట్విస్ట్ ఇక్కడే ఉంది. ఇటుకల ట్రాక్ మీద కారు ఎంతగా అదిరిందంటే.. అద్దంలో వెనకేముందో అసలు తెలియలేదని హారౌన్ చాలా ఏళ్ల తర్వాత బయటపెట్టాడు. 500 మైళ్ల రేసులో వెనక చూపు లేకుండానే నెట్టుకొచ్చాడన్నమాట! 1912 నుంచి మెకానిక్ పక్కన ఉండాల్సిందేనని రూల్ తెచ్చారు.

ఆ విజయంతోనే రేసుల నుంచి పూర్తిగా తప్పుకున్నాడు. తర్వాత తన పేరుతోనే కార్ల కంపెనీ పెట్టినా అది ఎక్కువ కాలం నిలవలేదు. 1968 జనవరి 19న, 89 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ వాస్ప్ కారు ఇప్పటికీ ఇండియానాపొలిస్ మ్యూజియంలో ఉంది.

నిజానికి అద్దం ఆలోచన అంతకుముందే ఉంది. 1909లో బ్రిటన్ రేసర్ డొరొతీ లెవిట్ తన పుస్తకంలో, కారు నడిపే మహిళలు చేతి అద్దం దగ్గర పెట్టుకుని వెనక్కి చూసుకోవాలని రాసింది.

హారౌన్ అనుభవం ఇప్పుడు మనకెందుకంటే.. అద్దం ఉన్నంత మాత్రాన అన్నీ కనిపించవు. పక్కనే వస్తున్న బైక్ లోపలి అద్దంలోంచి తప్పుకుని, పక్క అద్దంలోకి ఇంకా రాని చోటు ఒకటుంటుంది. అదే బ్లైండ్ స్పాట్. అందుకే లేన్ మారేముందు అద్దం చూసి, ఇండికేటర్ వేసి, ఒక్కసారి భుజం మీదుగా తల తిప్పి చూడాలి. పక్క అద్దంలో మన కారు బాడీయే సగం కనిపిస్తుంటే దాన్ని ఇంకాస్త బయటికి తిప్పుకోవాలి.

బైక్ మీద వెళ్లేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోండి. మన దగ్గర డ్రైవర్ సీటు కుడివైపు ఉంటుంది. కాబట్టి లారీకి, బస్సుకి ఎడమ పక్కన, క్యాబిన్ ముందు ఆనుకుని ఉన్న చోటు, సరిగ్గా వెనక భాగం డ్రైవర్‌కి కనిపించడం కష్టం. ఎడమవైపు తిరుగుతున్న లారీ పక్క సందులోంచి దూరితే వెనక చక్రాల కిందికే వెళ్తాం. లారీ అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనిపించట్లేదా? మీరూ ఆయనకి కనిపించట్లేదనే లెక్క. హారన్ కొట్టి, వెనకే ఆగండి.